ర్యామ్‌లు మూసినా నీళ్లు ఆగట్లేదు: బ్లోఅవుట్ ప్రివెంటర్ మోడల్‌కు ఏ రబ్బరు వాడాలి?

హనుమకొండలో డిప్లొమా మెకానికల్ చివరి సంవత్సరం మాది. సముద్రం అడుగున చమురు బావి ఎగదన్నితే, ర్యామ్‌లనే దిమ్మెలు రెండు పక్కల నుంచి వచ్చి పైపును పట్టి మూసే బ్లోఅవుట్ ప్రివెంటర్ మోడల్ చేస్తున్నాం. 2010లో మెక్సికో గల్ఫ్‌లో ప్రివెంటర్ బావిని మూయలేకపోయింది, 87 రోజులు చమురు పోయింది. అందుకే మా మోడల్ ఊరికే కదిలితే చాలదు, నిజంగా ఆపాలి.

25 ఎంఎం అక్రిలిక్ గొట్టం, మధ్యలో 8 ఎంఎం స్టీల్ రాడ్. నైలాన్ ర్యామ్‌లు వరంగల్‌లో లేత్ మీద తీయించాం. చెరోవైపు 20 ఎంఎల్ సిరంజి తోస్తుంది. నీళ్లు 3 మీటర్ల పైనున్న బకెట్ నుంచి, అంటే సుమారు 0.3 బార్ ప్రెషర్.

ర్యామ్‌లు చక్కగా కలుస్తాయి. 4-5 సెకన్లకే సన్నటి ధార మొదలు. రాడ్ చుట్టూ చుక్క కూడా రాదు, ర్యామ్ పైభాగానికీ ఛాంబర్ కప్పుకూ మధ్య నుంచే వస్తోంది. సైకిల్ ట్యూబ్ ముక్క అతికిస్తే జరిగేటప్పుడు మడతపడింది. ఓ-రింగ్ వేస్తే ర్యామ్ బిగుసుకుపోయింది. గ్రీజు ఒక్కసారి ఆపింది, రెండోసారికి కొట్టుకుపోయింది. అసలు యంత్రంలో బావి ప్రెషరే ర్యామ్ వెనక చేరి సీల్‌ను ఇంకా గట్టిగా నొక్కుతుందని చదివి, అడుగున 2 ఎంఎం గాడి కూడా తీశాం. ధార తగ్గింది కానీ ఆగలేదు.

ర్యామ్ పైన ఏ రకం రబ్బరు, ఎంత మందంలో పెడితే అది జారుతూనే నీళ్లను ఆపుతుంది?