కథల పుస్తకాలు ఊరికే పంచడం ఎప్పుడు మానేస్తాం?

కృష్ణలంక:
సూటిగా అడుగుతున్నా. సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నవాళ్లు ఇకమీదట ఒక్క కాపీ కూడా ఊరికే ఇవ్వకూడదని మనలో మనమైనా అనుకోగలమా? నా కథల సంపుటి లెక్క చెబుతా. 500 కాపీలు, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కంపోజింగు), ముఖచిత్రం, ప్రింటింగ్ కలిపి 45 వేలు. వెల 150. ఆవిష్కరణ సభలో వేదిక మీదివాళ్లకి, ముందు వరసలో వాళ్లకి, సమీక్షకని పత్రికలకి రెండేసి, "మాకు పంపలేదేం" అని మెసేజ్ పెట్టిన పెద్దలకి కొరియర్‌లో... సగం అలాగే పోయాయి. చదివి ఫోన్ చేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవి డిస్ట్రిబ్యూటర్‌కిస్తే కమీషన్ 40 శాతం, డబ్బు అడిగితే "మూవ్‌మెంట్ లేదు సార్". 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. అందులో 500 మంది కొనరా? ఊరికే తీసుకోవడం మనమే అలవాటు చేశాం.

అచ్చుతప్పు:
ముందు వరసలో కూర్చున్నా. నాకు ఇవ్వలేదు.

అబిడ్స్ ఆదివారం:
మీ పుస్తకం ఎన్ని పేజీలండీ?

కృష్ణలంక:
128. ఎందుకు?

అబిడ్స్ ఆదివారం:
128 పేజీలకి 150 ఎక్కువ. ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్‌లో పాత పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ మీదికి 150 తీసుకెళితే నాలుగు మంచి పుస్తకాలతో ఇంటికొస్తాను. వాటిలో "ఆత్మీయులకు, అభిప్రాయం తెలుపగలరు" అని రచయిత సంతకం చేసి ఇచ్చినవీ ఉంటాయి. తీసుకున్నవాళ్లు పేజీ కూడా తిప్పకుండా తూకానికి వేశారన్నమాట. అంచేత ఊరికే ఇవ్వొద్దన్నమాట వరకు మీతోనే ఉన్నా. వెల మాత్రం తగ్గించండి.

డీటీపీ బాబాయ్:
ఆదివారం గారూ, లెక్క చూడండి. ఒక్కో కాపీకి ఆయనకి పడింది 90. కమీషన్ పోగా 150లో చేతికొచ్చేదీ 90. అన్నీ అమ్ముడుపోయినా రూపాయి మిగలదు. ఇక తగ్గించేది ఎక్కడ? వెయ్యి కాపీలు వేసే రోజుల్లో ఒక్కోదానికి పడే ఖర్చు తక్కువ. ఇప్పుడు రెండు వందలు, మూడు వందలు వేయించుకుంటున్నారు, కాగితం ధర చూస్తే అలా ఉంది. ఇన్ని చెప్పిన రచయితగారు నా డీటీపీ పని సంగతి చెప్పలేదు. ఏ రచయితైనా మూడోసారి ప్రూఫు దిద్దాక కూడా "ఈ కథ తీసేసి ఇంకోటి పెడదాం" అంటారు. దానికి బిల్లు వేస్తే మొహం మాడ్చుకుంటారు. నేనూ ఊరికే పని చేస్తున్నట్టే కదా?

అబిడ్స్ ఆదివారం:
120 పెట్టి ఉంటే నేను కొనేవాణ్ని.

డల్లాస్ నుంచి:
ఇక్కడికి తెప్పించుకోవాలంటే పోస్టు ఖర్చు పుస్తకం వెలకి ఎన్నో రెట్లు. ఈబుక్ పెట్టండి, మీరు చెప్పిన ధరకే కొంటాం.

కృష్ణలంక:
ఈబుక్ పెడితే మర్నాటికి పీడీఎఫ్ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంది. అది ఇంకో రకం ఊరికే ఇవ్వడం. అసలు బాధ్యత ప్రభుత్వానిది. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకి సరిగా జమ చేయవు. శాఖా గ్రంథాలయానికి ఒక్కో కాపీ కొన్నా ఏ రచయితా సభలో అట్టపెట్టె విప్పి పంచక్కర్లేదు.

మెతుకుసీమ:
మీకు పుస్తకమన్నా వచ్చింది. నేను మా యాసల కథ రాసి ఒక పత్రికకు పంపితే పాఠకులకు అర్థం కాదని మొత్తం దిద్ది వేసిండ్రు. అచ్చయినదాంట్ల నాదని చెప్పుకోవడానికి నా పేరొక్కటే మిగిలింది. ఆ కథతోటి పుస్తకమేస్తే కొనమని ఎవర్ని అడగాలె?

కృష్ణలంక:
అది వేరే చర్చ అన్నా. ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మెతుకుసీమ:
ఆ రోజు ఎప్పుడూ రాదులే.

సీరియల్ సుబ్బులు:
చాలాసేపట్నుంచి చదువుతున్నా. నేను ఒక యాప్‌లో సీరియల్ రాస్తాను. భాగానికి వేలమంది చదువుతారు, సబ్‌స్క్రిప్షన్ డబ్బులో నా వాటా నెలనెలా అకౌంట్‌లో పడుతుంది. పెద్ద మొత్తమేమీ కాదు, మా పాప ట్యూషన్ ఫీజుకి సరిపోతుంది. ఎవరికీ కాపీ పంపింది లేదు. తెలుగులో కొని చదివేవాళ్లు లేరని ఎవరండీ అన్నది?

కృష్ణలంక:
అమ్మా, అది వేరే లోకం. ఇక్కడ సాహిత్యం గురించి మాట్లాడుకుంటున్నాం.

సీరియల్ సుబ్బులు:
అమ్మా అన్నంత మాత్రాన మర్యాద అయిపోదు. మెతుకుసీమ గారిది వేరే చర్చ, నాది వేరే లోకం! మరి మీ లోకంలో ఎవరున్నారు? నేనూ పత్రికలకే రాసేదాన్ని. 2020లో కరోనాతో నవ్య, ఆంధ్రభూమి వారపత్రికలు అచ్చు ఆపేశాయి. పంపడానికి చోటే తక్కువైంది. అంతకుముందు ఒక పత్రిక నా కథ వేసుకుంది. పారితోషికం సంగతి అడిగితే "పేరు అచ్చయింది కదమ్మా" అన్నారు. అప్పుడూ ఇదే అమ్మా. మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకో నవల తెచ్చుకుని చదివేది. ఆ రోజుల్లోనూ ఆడవాళ్లు రాసినదాన్ని కాలక్షేపం అనే తీసిపారేశారు. ఆ రోజుల్లోనే మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అంత విలువలేనిదైతే ఆ పేర్లు ఎందుకు కావాల్సొచ్చాయో?

అచ్చుతప్పు:
టీ తెచ్చుకుని వస్తా, ఆపకండి.

కృష్ణలంక:
ఆడా మగా గొడవ నేను తేలేదు. మీ యాప్‌లో సీఈఓ, అతని పెళ్లి, అత్తగారి కుట్ర, భాగం చివర బ్రేకు. వేలమంది చదివారంటే సరిపోదు. ఆ యాప్ రేపు మూతపడితే మీ భాగాలన్నీ ఎక్కడుంటాయి? కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయమని కథలకో గ్రంథాలయం పెట్టింది ఎందుకు? పత్రికల్లో వచ్చిన కథలు చిత్తుకాగితాల్లో కలిసిపోకూడదనే. నా పుస్తకం అక్కడ ఉంది. యాభై ఏళ్ల తర్వాత ఒకడు తీసి చూస్తాడు.

సీరియల్ సుబ్బులు:
నా భాగాలన్నీ నా ల్యాప్‌టాప్‌లో యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునే అక్షరాల్లో ఉన్నాయి. మీ పుస్తకం ఫైలు ఏ ఫాంటులో ఉందో బాబాయ్‌ని అడగండి.

డీటీపీ బాబాయ్:
నన్ను మధ్యలోకి లాగకండి. సరే, చెబుతా. చాలామందివి పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత అను ఫాంటులో చేసినవే. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు చెదిరిపోతాయి. మళ్లీ మొదటి పేజీ నుంచి ప్రూఫు చూడాలి. పదేళ్ల కిందటి పుస్తకం రెండో ముద్రణకి వచ్చినవాళ్లని "ఫైలు ఉందా" అంటే సీడీ తెస్తారు. సీడీ చదవదు. ఇక సుబ్బులమ్మా, యాప్ ఒప్పందంలో హక్కులు ఎవరి పేరున ఉన్నాయో చదివావా?

సీరియల్ సుబ్బులు:
చదివాను. ఆడియో హక్కుల దగ్గర నాకు నచ్చని లైను ఉంది, దాని మీదే వాళ్లతో తగువు నడుస్తోంది. కృష్ణలంక గారిని ఒకటి అడగనివ్వండి. మీరు ఊరికే ఇచ్చినవాళ్ల జాబితా ఒకసారి తీయండి. అంతా రచయితలే కదా? మీ వీధిలో ఎవరికైనా ఇచ్చారా?

కృష్ణలంక:
మా వీధిలో తెలుగు పుస్తకం పట్టుకునే పిల్ల ఒక్కతి లేదు. మా అమ్మాయి నా కథ చదవలేదు. స్కూల్లో తెలుగు మార్కుల కోసం చదివింది, పరీక్షతో సరి. నువ్వు రాసింది ఇంగ్లీషులో ఉంటే చదువుతా నాన్నా అంటుంది. ఇవ్వమంటే ఎవరికిమ్మంటారు?

సీరియల్ సుబ్బులు:
నా పాఠకుల్లో డిగ్రీ పిల్లలున్నారు. చాలామందికి తెలుగు టైపు చేయడం రాదు, కామెంటు ఇంగ్లీషు అక్షరాల్లో పెడతారు. కథ మాత్రం తెలుగులిపిలోనే చదువుతారు. వాళ్లకి మీ గురించి ఎవరూ చెప్పలేదు, మీరూ చెప్పలేదు. కొనలేదని 8 కోట్ల మంది మీద నేరం మోపుతున్నారు.

కృష్ణలంక:
చెప్పేస్తా, ఏమన్నా అనుకోండి. నాకు వేలమంది అక్కర్లేదు. మంచి కథ అంటే ఏమిటో తెలిసిన ఆ పదిమంది చదివి, ఒక వ్యాసంలోనో సంకలనంలోనో నా కథని లెక్కలోకి తీసుకోవాలి. ఇన్నేళ్లు అందుకే రాశాను. ఆ పదిమందీ పుస్తకం తీసుకుని నోరు మెదపరు. కోపం అందుకు.

సీరియల్ సుబ్బులు:
అలా చెప్పండి మరి! అప్పుడు ఈ గొడవ డబ్బుది కాదు. నాకు మీ పదిమంది అక్కర్లేదు. నిజం చెప్పాలంటే కొన్నాళ్లు వాళ్లకోసం చూశాను, ఇక చూడను.

అబిడ్స్ ఆదివారం:
ఆ పదిమందిలో ముగ్గురి పుస్తకాల అట్టపెట్టె పోయిన నెల ఫుట్‌పాత్‌కి వచ్చింది. మీ సంపుటి అందులో లేదు కృష్ణలంక గారూ. దాచుకున్నారేమో.

డల్లాస్ నుంచి:
ఇంతకీ ఈబుక్ ఉన్నట్టా లేనట్టా?

డీటీపీ బాబాయ్:
రచయితగారూ, మీ పుస్తకం నేను చేసింది కాదు కాబట్టి అడుగుతున్నా. ఫైలు పంపండి, యూనికోడ్‌లోకి మారుస్తా. ప్రూఫు డబ్బులు మాత్రం ముందే.