ఈ వారం సమస్య: అయిదు కండ్లతోడ నాడుచుండె

నల్లగొండ నిర్వాహకుడు: ఆటవెలది ఆఖరి పాదం ఇస్తున్న. శివునికే మూడు కండ్లు, మరి అయిదు కండ్లతోటి ఆడేదెవరో మీరే చెప్పాలె. సమస్య అచ్చుతోటి మొదలైంది గనక దాని ముందు సంధి మాఫీ, యతి మాత్రం మాఫీ లేదు.

మిర్యాలగూడ అక్క:

పూల జాడ తెలిసి పుట్టెడు తేనెకు
తోడి యక్కలకును తోవ జెప్పి
తుట్టె మీద నడుము తూగించి తేనీగ
అయిదు కండ్లతోడ నాడుచుండె

నిన్న కిటికీ కాడ సచ్చిపడ్డ తేనెటీగను ఫోన్ టార్చి కింద పెట్టి చూసిన, పక్కల రెండు పెద్ద కండ్లు సరే, నెత్తి మీద వెంట్రుకల నడుమ ముక్కోణం లెక్క మూడు నల్లచుక్కలు మెరుస్తున్నయ్, గవి సుత కండ్లేనట!

దేవరకొండ సారు: యతులన్నీ కుదిరినయమ్మా, "తూగించి" మంచిగ పడ్డది. పుట్టెడు తేనె మాత్రం మరీ ఎక్కువైంది, ఒక్క కూలీ ఈగ బతుకంత తిరిగినా చేసేది టీ చెంచాల పన్నెండో వంతు. "పొట్టలో మధువుతో" అని దిద్దు, యతి చెడది, పూలరసం మోసే సంచి పొట్టలనే ఉంటది, దానికీ అరుగుదల పొట్టకూ నడుమ చిన్న కవాటం గూడ ఉంటది. ఇంకో మాట, పెట్టె లోపల చిమ్మచీకటి, తోటి ఈగలు ఆటను చూడయి, మీసాలతోటి తడిమి, రెక్కల అదురు పట్టుకొని తోవ తెలుసుకుంటయి. మరి కండ్లకేం పని?

అచ్చంపేట తమ్ముడు: సారూ, గది పెట్టెల పెంచే ఈగల ముచ్చట. మా దిక్కు నల్లమలల చెంచులు దించే పెద్దతేనె తుట్టె ఒక్కటే రేకు, కొమ్మకో బండకో బయటనే వేలాడుతది, ఆట పట్టపగలే. వెన్నెల ఉంటే రాత్రి గూడ మేతకు పోతది. అక్క పద్యం పాస్. నాది గూడ చూడుండ్రి:

కొండి లేనివాడు కోరిక తీరగా
నింగి లోన రాణి నీడ దరిమి
పోతు తేనెటీగ పొద్దు గూకే దాక
అయిదు కండ్లతోడ నాడుచుండె

అక్క: కోరిక తీరితే పోతుటీగ అక్కడనే పడి సస్తది గద తమ్మీ, ఇంక పొద్దుగూకేదాక ఆడేదెక్కడ?

తమ్ముడు: అవ్ అక్కా, దెబ్బతిన్న. "కోరిక తీరక" అని మారుస్త, గణాలు గూడ చెడవు.

సారు: "తీరక" ఖాయం, అర్థం ఇప్పుడే అతికింది, పోతుల్ల ఎక్కువమందికి తీరనే తీరదు. కొండి లేదన్నది గూడ కరెక్టే, గుడ్లు పెట్టే గొట్టమే మారి కొండి అయింది, మగదానికి యాడిది? ఒక్కటే అసంతృప్తి, పోతు పెద్దకండ్లు నెత్తి మీద ఒకదానికొకటి తగిలేంత పెద్దగ ఉంటయి, ఆ మూడు చుక్కలు జాగ లేక మొహం మీదికి జారినయ్, రాణిని ఎతికేటందుకే గంత కన్ను. పద్యంల గది రాలేదు. రెండో పాదం మళ్ల రాసి పెట్టు.