తవ్వకం మీద పుస్తకం ఉన్నాక ఆ డైరీలు కూడా చదవాలా?

తాంబరం విద్యార్థి
మాది ఒంగోలు, చెన్నైలో ఎంఏ ప్రాచీన చరిత్ర చదువుతున్నాను. తవ్వకాల రికార్డుల మీద డిసర్టేషన్ రాయాలి, ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధి తీసుకున్నాను. దాన్ని తవ్వి తీసిన హోవర్డ్ కార్టర్ రాసిన మూడు సంపుటాలూ చదివేశాను. మా గైడ్ మాత్రం ఆయన కాగితాలు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, అవి చూడకుండా రాయొద్దంటున్నారు. అంత దూరం వెళ్లే స్తోమత లేదు, టెన్షన్‌గా ఉంది. పుస్తకంలో లేనిది వాటిలో ఏముంటుందండీ?

పాత కాగితాలు
చాలా ఉంటుంది. ఆ సంపుటాలు (1923, 1927, 1933) మామూలు పాఠకుల కోసం రాసినవి. పూర్తి శాస్త్రీయ నివేదిక రాయకుండానే కార్టర్ 1939లో పోయారు. సమాధిలో దొరికినవి 5,398 వస్తువులు, వాటి కొలతలు, చేత్తో గీసిన బొమ్మలు, పాడవకుండా ఏం చేశారో అన్నీ తవ్వకం అప్పుడు రాసిన కార్డుల్లోనే ఉన్నాయి. ఒక్కసారి వస్తువును కదిలించాక అది ఎలా పడి ఉండేదో మళ్లీ చూడడం ఎవరి తరమూ కాదు కదా, అందుకే అప్పటికప్పుడు రాసుకున్న కాగితానికి అంత విలువ. ఆక్స్‌ఫర్డ్ వెళ్లక్కర్లేదు, కార్డులు, డైరీలు, హ్యారీ బర్టన్ తీసిన ఫొటోలు ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1922 నవంబర్ 4 డైరీ పేజీ తప్పకుండా చూడండి, 'సమాధి మొదటి మెట్లు దొరికాయి' అని ఒక్క ముక్క.

ఎగ్మూర్ పక్కనే
మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ అమరావతి స్తూపం. ఇక్కడ చెన్నై మ్యూజియంలో ఆ శిల్పాలు చూసే ఉంటారు. 1816 ప్రాంతంలో సర్వేయర్ కోలిన్ మెకంజీ అక్కడి రాళ్లకు బొమ్మలు గీయించాడు, అవిప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ రాళ్లలో కొన్ని తర్వాత ఆనవాళ్లు లేకుండా పోయాయి. వాటికిక మిగిలింది ఆ కాగితమే, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

తాంబరం విద్యార్థి
ఇద్దరికీ థాంక్స్ అండీ. సైట్ తెరిచాను, కార్డులు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టను?

పాత కాగితాలు
21వ నంబరుతో. అది రంగుల బొమ్మలు వేసిన చెక్క పెట్టె, లోపల చెప్పులు, పూసలు కుట్టిన బట్టలు. బట్ట పుచ్చిపోయి ముట్టుకుంటే పొడి అయ్యే స్థితి, దాన్ని అడుగంటా ఖాళీ చేయడానికి మూడు వారాలు పట్టింది. లోపలి వస్తువులకు 21ఎ, 21బి అంటూ విడిగా కార్డులుంటాయి. కార్డు, ఫొటో, మొదటి సంపుటంలో ఆ పెట్టె గురించి రాసిన పేజీలు, మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఫొటోలు డిసర్టేషన్‌లో వేసేటట్లయితే మాత్రం ముందే మెయిల్ పెట్టి అనుమతి అడగండి.