మాగ్నుస్ లాటిన్ పేరా, నార్వే పేరా?

తాళపత్రం: స్కాండినేవియా మగపిల్లల పేర్ల చిట్టాలోంచి మాగ్నుస్‌ను తీసేయండి. అది లాటిన్ విశేషణం, "గొప్ప" అని అర్థం.

ఓడరేవు: పాత నార్స్‌లో, అంటే స్కాండినేవియా పాత భాషలో, "మగ్న్" అంటే బలం కదా? అందులోంచే వచ్చిందేమో.

తాళపత్రం: అది శబ్దసామ్యం, అంతే. చివరి "ఉస్" లాటిన్ ప్రత్యయం. నార్స్‌లో చాలా మగ పేర్లు ప్రథమా విభక్తిలో "ర్"తో ముగుస్తాయి: ఓలావ్ర్, సిగుర్ద్ర్.

ఉత్తరగాలి: పుట్టుక లాటిన్ కాదని ఎవరన్నారు? అది పేరుగా మారిందెక్కడో చూడండి. 1024 ప్రాంతంలో నార్వే రాజు ఓలావ్‌కు కొడుకు పుట్టాడు. బిడ్డ దక్కేలా లేడు. రాజును నిద్ర లేపే ధైర్యం ఎవరికీ లేక, ఆస్థానకవి సిగ్వాతే బాప్తిస్మం ఇప్పించి మాగ్నుస్ అని పెట్టించాడు. చక్రవర్తి కరోలుస్ మాగ్నుస్, అంటే షార్లమాన్, పేరు మీద! బిరుదును పేరనుకున్నారు. ఆ పిల్లాడే 1035లో నార్వే రాజయ్యాడు.

తాళపత్రం: ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోర్రి ఇది రాసింది 1230 ప్రాంతంలో, 200 ఏళ్ళ తర్వాత. పోనీ నిజమే అనుకుందాం. అందులో రాజే "ఇది మా వంశంలో లేని పేరు" అని కోప్పడ్డాడు. నా మాటే నెగ్గింది.

ఙకారప్రియ: ముందు ఉచ్చారణ సరిచేయండి. నార్వేలో అది "మఙ్నుస్". మనకు అక్షరం ఉండి కూడా వాడరు.

ఉత్తరగాలి: పరాయి పేరైతే అంతగా అరిగేదా? స్వీడన్‌లో మోన్స్, డెన్మార్క్‌లో మోగెన్స్, ఐర్లండ్‌లో మెక్‌మానస్ ఇంటిపేరు. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో సెయింట్ మాగ్నుస్ కెథెడ్రల్ 1137లో మొదలెట్టారు. నార్వే అంతటికీ ఒకే చట్టం తెచ్చిన రాజూ మాగ్నుసే, 1274లో.

తాళపత్రం: భాష గురించి అడిగితే గుళ్ళూ చట్టాలూ లెక్కపెడతారేంటి? చదివి జవాబివ్వండి!

ఉత్తరగాలి: చదివాకే రాస్తున్నా. మన కోస్తాలో కొడుక్కి స్టాలిన్ అని పెట్టినవాళ్ళు రష్యన్‌లో "ఉక్కు" అనే అర్థం చూసి పెట్టారా? మనిషిని చూసి పెట్టారు. సిగ్వాత్ చేసిందీ అదే. పేరుకు అర్థమంటే నిఘంటువు ఒక్కటేనా?

తాళపత్రం: ఓహో, గొడవ ఇదా! మీరు చెప్పేది పేరు పెట్టిన కారణం. అది అర్థం కాదు. చిట్టాలో "అర్థం" గడిలో "గొప్ప, లాటిన్" అనే ఉండాలి.

ఉత్తరగాలి: ఉండనివ్వండి. పక్కన "ఎవరి పేరు మీద" అని ఇంకో గడి గీయండి. పేరు మాత్రం చిట్టాలోంచి పోదు.

తాళపత్రం: గడి గీస్తే అభ్యంతరం లేదు. "నార్స్ పేరు" అని రాస్తే మాత్రం ఒప్పుకోను.

ఙకారప్రియ: మోగెన్స్ కూడా తప్పే. డేన్లు ఆ "గ"ను మింగేస్తారు.