కాల్షియం సెన్సర్ కణాలు: ఈడీటీఏ వేసినా టీ2 వెనక్కి రావట్లేదు

లేపాక్షి_బసవన్న (అనంతపురం):
ఎంఆర్ఐలో కాల్షియం కొలవడానికి 10 నానోమీటర్ల ఐరన్ ఆక్సైడ్ కణాలు, డెక్స్‌ట్రాన్ పూత. సగానికి కాల్‌మాడ్యులిన్ (కాల్షియాన్ని పట్టే ప్రోటీన్), సగానికి ఎం13 పెప్టైడ్ (కాల్షియం పట్టిన ఆ ప్రోటీన్‌కు అతుక్కునే ముక్క) అతికించాం. కాల్షియం వస్తే కణాలు గుంపుకట్టి టీ2 పడాలి, తీసేస్తే విడిపోయి వెనక్కి రావాలి. పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్)లో ఇనుము 0.1 మిల్లీమోలార్. కాల్షియం క్లోరైడ్ 1 మిల్లీమోలార్ చేస్తే టీ2 (ఎంఆర్ఐ సిగ్నల్ ఆరిపోయే సమయం) 95 నుంచి 50 మిల్లీసెకన్లకు పడింది. దానికి రెట్టింపు ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి లాగేసే రసాయనం) వేసి గంటాగినా 60 దగ్గరే ఉంది. అడుగున గోధుమరంగు మడ్డి. ప్రోటీన్ చెడిందంటారా?

గండికోట (కడప):
ప్రోటీన్ సంగతి తర్వాత, ముందు ఆ పీబీఎస్ పారబోయండి. ఫాస్ఫేట్‌లో అంత కాల్షియం పడితే కాల్షియం ఫాస్ఫేట్ దిగుతుంది, కణాలనూ లాక్కుపోతుంది. ఈడీటీఏ ఆ ఫాస్ఫేట్‌ను కరిగించినా, ఒకసారి అతుక్కుపోయిన కణాలు విడిపోవు. ఇంకో మోసం: మడ్డి దిగాక పైనున్న నీళ్లలో ఇనుము తగ్గి టీ2 దానంతటదే పెరుగుతుంది. మీ 60 అదే అయ్యుండొచ్చు! కొలిచే ముందు ట్యూబు తిప్పి కలపండి.

బఫర్‌గా 25 మిల్లీమోలార్ మాప్స్ (ఫాస్ఫేట్ లేని బఫర్), 100 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, పీహెచ్ 7.2 చాలు. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేటప్పుడు ఆమ్లం వదులుతుంది కాబట్టి పీహెచ్ మళ్లీ చూడండి. పైగా కాల్‌మాడ్యులిన్‌కు మైక్రోమోలార్ స్థాయే ఎక్కువ, మీరు వేసింది వెయ్యి రెట్లు. 0.1 నుంచి 10 మైక్రోమోలార్ దాకా, ఈజీటీఏ (ఈడీటీఏ లాంటిదే)తో కాల్షియం స్థాయి కట్టిన ద్రావణాలతో వెళ్లండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
ఆ స్థాయిలో అసలు శత్రువు మన బోరు నీళ్లే సార్. అనంతపురం నీళ్లతో కడిగిన గాజుకు అంటిన కాల్షియమే రీడింగ్ ఇచ్చేస్తుంది. ప్లాస్టిక్ ట్యూబులు, ఈడీటీఏతో ఒకసారి, డీఅయనైజ్డ్ (లవణాలు తీసిన) నీళ్లతో మూడుసార్లు కడగండి.

కంట్రోల్ లేకుండా ఏదీ నమ్మొద్దు. ప్రోటీన్ లేని కణాలకు కాల్షియం ఇచ్చినా టీ2 పడితే అది సెన్సింగ్ కాదు. కాల్‌మాడ్యులిన్ కణాలు ఒక్కటే, మెగ్నీషియం 1 మిల్లీమోలార్... ఇవీ పెట్టండి. స్కానర్‌లో అయితే ట్యూబులను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, బుడగలు లేకుండా చూసి, మల్టీ ఎకో స్పిన్ ఎకో (టీ2 కొలిచే స్కాన్) తీయండి. ఫిట్టింగ్‌లో మొదటి ఎకో వదిలేయాలి.

లేపాక్షి_బసవన్న:
మాప్స్‌లో మళ్లీ చేస్తాం. మెదడులో జీవకణాల బయట కొలవడానికి ఇదే పనికొస్తుందా?

గండికోట:
రాదు. బయట కాల్షియం సుమారు 1.2 మిల్లీమోలార్, కాల్‌మాడ్యులిన్ ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. అందుకే ఎంఐటీలో జసనాఫ్ బృందం 2006లో కాల్‌మాడ్యులిన్‌తో చేసినా, 2018 నాటికి సినాప్టోటాగ్మిన్ (కాల్షియాన్ని పట్టే మరో ప్రోటీన్) సీ2 భాగాలకూ లిపిడ్ పూత కణాలకూ మారింది. దాని పరిధి 0.1 నుంచి 1 మిల్లీమోలార్.