బొగ్గు విద్యుత్తును మనం ఇప్పుడే తగ్గించుకోవాలా?

ఎర్రమట్టి (చర్చ ప్రారంభం):
2021లో గ్లాస్గోలో జరిగిన ఐరాస వాతావరణ సదస్సు ఒప్పందంలో బొగ్గు విద్యుత్తుకు పూర్తిగా స్వస్తి చెప్పాలన్న మాటను, భారత్ అభ్యంతరం మీద, క్రమంగా తగ్గించాలని మార్చారు. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలను, అంటే గాలిలోకి వదిలేదానికీ తిరిగి తొలగించేదానికీ సమానంగా ఉండే స్థితిని, సాధిస్తామని మన దేశం ప్రకటించింది కూడా ఆ సదస్సులోనే. నేటికీ మన విద్యుత్తులో 70 శాతం దాకా బొగ్గు నుంచే వస్తోంది. కొత్త బొగ్గు కేంద్రాలు కట్టడం ఇకనైనా ఆపాలా, లేక ధనిక దేశాలు తమ బాధ్యత తీర్చేదాకా మనం వేచి ఉండవచ్చా? పక్షం ఏదైనా, కారణాలతో రాయవలసిందిగా మనవి.

గనిదీపం:
ఆపనక్కరలేదని నా వాదన. పారిశ్రామిక విప్లవం నాటి నుంచి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో అమెరికా ఒక్కదాని వాటాయే సుమారు నాలుగో వంతు కాగా, ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న మన వాటా నాలుగు శాతం దరిదాపుల్లో ఉంది. నేటి లెక్క చూసినా అక్కడ తలకు ఏటా 14 టన్నులు, ఇక్కడ రెండు టన్నులు. బాధ్యత అందరిదీ అయినా అందరిదీ సమానం కాదని 1992 నాటి వాతావరణ ఒప్పందమే అంగీకరించింది. పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్ సదస్సులో ధనిక దేశాలు ఇచ్చిన మాట నెరవేరడానికి మరో రెండేళ్లు పట్టింది. వీటన్నిటికీ మించి, పొద్దుగూకాక కూలర్లు తిరగాలంటే సౌర ఫలకాలు ఏం చేయగలవు?

నీటిమట్టం:
గనిదీపం గారూ, మీ లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ ఆ లెక్కలు రుజువు చేసేది మనకు రావలసిన డబ్బును మాత్రమే, మనం వేచి ఉండవచ్చన్న సంగతిని కాదు. 2015 మే నెలలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పని మానుకోలేని కూలీలు, వృద్ధులు. బొగ్గు పొగ ఏ దేశపు గొట్టం నుంచి లేచినా ఆ వేడి మొదట తగిలేది వీరికే కనుక, ధనిక దేశాలు కదలలేదని మనం కూడా ఆగితే నష్టపోయేది ఆ దేశాలు కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం కోతను పూర్తిగా భూతాపం ఖాతాలో వేయడం సరికాదు. గోదావరి మీది ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం, రేవు కట్టడాలు ఇసుక కదలికను మార్చడం కూడా అందులో ఉన్నాయి. ఎక్కే సముద్రమట్టం ఆ పాత గాయాన్ని పెంచుతుంది.

కొత్త బొగ్గు కేంద్రం ఒకసారి కడితే ముప్ఫై, నలభై ఏళ్లు నడపవలసిందే. అప్పు తీరాలి కదా. సాయంత్రపు గిరాకీ గురించి మీరడిగిన ప్రశ్న న్యాయమైనదే. విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర (సౌర, పవన, జల వంటి) వనరులదేనని 2025లో ప్రకటించినప్పుడు చాలామంది సంబరపడ్డారు గానీ, సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. అయితే మార్గం లేకపోలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి సౌరవిద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల పథకం చేపట్టారు. కొత్త కేంద్రాలకు పెట్టే పెట్టుబడిని ఇటువంటి నిల్వ మీదికి మళ్లించాలన్నదే నా అభిప్రాయం. ఉన్న కేంద్రాలను రేపే మూయమని నేను అనడం లేదు.

సందేహి:
భూమి వేడెక్కడం, చల్లబడటం లక్షల ఏళ్లుగా ఉన్నదే కదా. ఇది మనుషుల పనే అనడానికి ఆధారమేమిటి?

నీటిమట్టం:
శిలాజ ఇంధనాల కార్బన్ కోట్ల ఏళ్ల నాటిది కనుక, కాలం గడిచేకొద్దీ క్షీణించిపోయే కార్బన్-14 అనే కార్బన్ రకం అందులో మిగిలి ఉండదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 280 నుంచి 420కి పైగా పెరిగిన కాలంలోనే దానిలోని కార్బన్-14 నిష్పత్తి పలచబడుతూ వచ్చింది. మధ్యలో అణుపరీక్షల వల్ల ఒకసారి పెరిగిన మాట వాస్తవమే, కానీ దాని కారణం వేరు. పైగా సూర్యుడే కారణమైతే మనం ఉండే గాలిపొరకు పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది.

గనిదీపం:
శాస్త్రం విషయంలో నాకు వివాదం లేదు, నా పట్టు వేరేచోట ఉంది. 1889లో ఇల్లెందులో తవ్వకాలు మొదలైన సింగరేణిలో 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న కార్మికులు నేడు 40 వేల దరిదాపులకు తగ్గారు. వారిని తగ్గించింది వాతావరణ ఒప్పందాలు కావు. నేలను పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గనులు (ఓసీలు), యంత్రాలు. అంటే బొగ్గు ఉన్నా ఉద్యోగం ఉంటుందన్న హామీ లేదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే దసరాకు లాభాల వాటా అందుకునే పర్మినెంటు కార్మికుడికి ఏదో ఒక దారి దొరకవచ్చు. ఓసీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే డ్రైవర్ల పేర్లు ఏ పరిహారపు జాబితాలో చేరుతాయి? నిల్వ పథకాలకు మళ్లించే పెట్టుబడిలో వారి శిక్షణకు, వేతనాలకు కొంత భాగం చట్టపరంగా కేటాయించే పక్షంలో కొత్త కేంద్రాలు ఆపడానికి నేను సమ్మతిస్తాను. ఆ షరతు లేని ప్రతిపాదనను మాత్రం ఇకముందూ వ్యతిరేకిస్తాను.