ఉక్కపోతలో పరుగుకూ జిమ్‌కూ మగవారికి ఎలాంటి బట్టలు సౌకర్యంగా ఉంటాయి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 41 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి నాలుగు రోజులు ఉదయం ఐదున్నరకు కోడి రామ్మూర్తి స్టేడియంలో ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. మరో రెండు రోజులు సాయంత్రం మా వీధి చివర రేకుల షెడ్డులో నడిచే జిమ్‌కు వెళ్తున్నాను. చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు గానీ, ఉగాది దాటినప్పటి నుంచి బట్టలతోనే అవస్థ పడుతున్నాను.

మొదట ఇంట్లో ఉన్న కాటన్ టీషర్టులే వేసుకునేవాడిని. రెండో కిలోమీటరు పూర్తయ్యేసరికి అవి తడిసి, ఒంటికి అతుక్కుపోయి, కింది అంచు బరువుతో వేలాడేది. ఒకరోజు ఇంటికి వచ్చి చూసుకుంటే చనుమొనలు ఒరుసుకుపోయి చొక్కాపై రక్తపు మరకలు కనిపించాయి. తొడల లోపలి వైపు కూడా మంట తగ్గడం లేదు. ఆ తరువాత బజారులో 250 రూపాయలకు ఒకటి చొప్పున రెండు ‘డ్రై ఫిట్’ టీషర్టులు కొన్నాను. అవి తేలిగ్గానే ఉన్నాయి గానీ ప్లాస్టిక్ సంచి తొడుక్కున్నట్లు ఉడికిపోతున్నాను, పైగా రెండు నెలలకే ఎంత ఉతికినా పోని వాసన పట్టుకుంది. మా పెదనాన్నగారేమో పొందూరు ఖద్దరును మించినది లేదంటున్నారు.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు పొడి ఎండల ప్రాంతాల వారివి. మన తీరప్రాంతపు ఉక్కలో ఏది పనికివస్తుందో ఇక్కడే వ్యాయామం చేసే పెద్దలు చెప్పగలరని అడుగుతున్నాను. రెండు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను.

డ్రిల్లు మాస్టారు (విజయనగరం) సమాధానం:

మీ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది, ఉక్క వేరు, ఎండ వేరు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అయితే ఆవిరైన చెమట మాత్రమే ఆ పని చేస్తుంది, కారి నేల మీద పడిన చెమట వల్ల ఒళ్లు చల్లబడదు. మన దగ్గర గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరడం నిదానిస్తుంది. తెల్లవారుజామున చల్లగా అనిపించినా గాలిలో తేమ శాతం సాధారణంగా ఆ వేళలోనే ఎక్కువగా ఉంటుంది. అందుకే సూర్యుడు రాకముందే మీరు తడిసి ముద్దవుతున్నారు. ఇలాంటి చోట బట్ట ఎంత చెమట పీలుస్తుందన్నదానికంటే, ఎంత గాలిని లోపలికి రానిస్తుందన్నది ముఖ్యం.

నూలు దారం లోపలికే నీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది. నా కాటన్ టీషర్టును ఒకసారి వంటింటి త్రాసులో తూచాను. పొడిగా ఉన్నప్పుడు 180 గ్రాములున్నది గంట పరుగు తరువాత 400 గ్రాములకు దగ్గరపడింది. ఆ తడి బరువే మీ చర్మాన్ని ఒరిపిస్తున్నది. పాలిస్టర్ దారం నీటిని దాదాపుగా పీల్చుకోదు. మంచి నేతలో దారాల మధ్య ఉండే సన్నని సందుల గుండా, దీపపు వత్తిలో నూనె పాకినట్లు, చెమట బట్ట పైభాగానికి పాకి పరుచుకుంటుంది. చవక రకాల్లో ఆ సందులు సరిగా ఉండవు, అల్లిక బిగుతుగా ఉంటుంది, గాలి ఆడదు. మీరు కొన్నవి ఆ కోవకు చెందినవే అయివుంటాయి. ‘డ్రై ఫిట్’ అన్న చీటీని చూసి కొనడంలోనే పొరపాటు జరిగింది.

కొట్టులోనే రెండు పరీక్షలు చేయండి. బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. ఊపిరి అవతలి అరచేతికి సులువుగా తగిలితే గాలి ఆడుతుందని అర్థం. తరువాత యజమాని అనుమతి తీసుకుని లోపలి వైపు ఒక్క నీటిచుక్క వేయండి. అది ముత్యంలా నిలబడితే వదిలేయండి, రెండు మూడు సెకన్లలో మచ్చలా విస్తరిస్తే తీసుకోండి. చదరపు మీటరుకు 120 నుంచి 140 గ్రాముల బరువున్న బట్ట మనకు సరిపోతుంది. వీపు మీదా చంకల కిందా జాలీ అల్లిక ఉంటే మరీ మంచిది.

కొలత గురించి కొంచెం పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే మా పిల్లలు అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. కండలు కనిపించాలని ఒక సైజు చిన్నది తీసుకుంటారు. భుజాల దగ్గర సరిగ్గా కూర్చుని, పొట్ట దగ్గర పిడికెడు వదులుగా ఉన్న చొక్కా పరుగులో ప్రతి అడుగుకూ ఊగుతూ లోపలి వేడిగాలిని బయటికి తోసి కొత్తగాలిని తెస్తుంది. ఒంటికి అంటుకున్న చొక్కాలో ఆ కదలికే ఉండదు.

లోదుస్తుల గురించి మీరు రాయలేదు గానీ తొడల మంటకు కారణం చాలావరకు అక్కడే ఉంటుంది. కాటన్ డ్రాయరు తడిసి ముడతలు పడి ఒరుస్తుంది. దాని బదులు నైలాన్, స్పాండెక్స్ (రబ్బరులా సాగే దారం) కలిసిన, తొడ సగం వరకు వచ్చే బిగువైన లోనిక్కరు వేసుకుని, దాని పైన మోకాలికి జానెడు ఎత్తులో ఆగే తేలికపాటి షార్ట్స్ వేసుకోండి. చర్మానికి చర్మం తగలకపోతే మంట ఉండదు. దాని కుట్లు ఉబ్బెత్తుగా కాకుండా చదునుగా ఉండేలా చూసుకోండి. చనుమొనలకు పరుగుకు ముందు కాస్త వ్యాజలీన్ రాయండి, లేదా మందుల షాపులో దొరికే టేపు అంటించండి. కొబ్బరినూనె చెమటతో పాటు జారిపోతుంది.

మరొక మాట. 1600 మీటర్ల పరుగుకు సాధన చేసే కుర్రవాళ్లు కొందరు బరువు తగ్గాలని రెయిన్‌కోట్లు తొడుక్కుని మైదానంలో పరుగెత్తడం చూస్తున్నాను. తగ్గేది నీటి బరువు మాత్రమే, అది నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది. ఈలోపు చెమట ఆవిరయ్యే దారి మూసుకుపోయి ఒంటి వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

కొండవెలగాడ కుర్రోడు (నెల్లిమర్ల మండలం) సమాధానం:

మాస్టారు చెప్పింది పరుగు విషయంలో అక్షరాలా నిజం. జిమ్ విషయంలో మాత్రం నాది వేరే అనుభవం. మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ బరువులెత్తే వాళ్ల మధ్య పెరిగాను. బెంచి మీద పడుకుని బరువు తోసేటప్పుడు నున్నని పాలిస్టర్ చొక్కా వేసుకుంటే చెమటకు వీపు జారుతుంది. భుజాల మీద బారు పెట్టుకుని గుంజీలు తీసేటప్పుడు కూడా బారు కిందికి జారుతున్నట్లు ఉంటుంది. కాటన్ బట్టకు పట్టు ఉంటుంది. కాబట్టి బరువులెత్తే రోజున పల్చని కాటన్ టీషర్టు వేసుకుని, సగంలో మార్చుకోవడానికి ఇంకొకటి సంచిలో పెట్టుకోండి. మనం ఒక్కో విడతకూ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగుతాం కాబట్టి, పరుగులో లాగా ఒరిపిడి ఉండదు. చేతులు లేని బనియన్లు హాయిగానే ఉంటాయి గానీ, బెంచి రెక్సిన్‌కు భుజాలు అంటుకుంటాయి, పదిమంది చెమట పట్టిన బెంచి అది. తప్పనిసరిగా తువ్వాలు పరుచుకోండి.

బట్టల కొట్టు (విజయనగరం, గంటస్తంభం దగ్గర) సమాధానం:

వాసన గురించి చెబుతాను. పాలిస్టర్ నీటిని పట్టుకోదు గానీ ఒంటి జిడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వాసన పుట్టించే బాక్టీరియా ఆ జిడ్డు మీద పెరుగుతుంది. ఇంటికి రాగానే బట్టలను కనీసం మంచినీళ్లలో జాడించి ఆరవేయాలి, తడి బట్టలను సంచిలో సాయంత్రం దాకా ఉంచకూడదు. తిరగేసి ఉతకండి. పరిమళం కోసం కలిపే కంఫర్ట్ వంటి ద్రవాలు ఈ బట్టలకు వద్దు, అవి దారం మీద పూతలా పేరుకుని చెమట పాకే దారిని మూసేస్తాయి. ఇప్పటికే వాసన పట్టిన మీ రెండు టీషర్టులను అర బకెట్టు నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, తరువాత సబ్బుతో ఉతికి చూడండి. స్పాండెక్స్ ఉన్నవాటికి బ్లీచింగ్ తగలనివ్వకండి, నీడన ఆరవేయండి.

వెదురు బట్ట అని ఈమధ్య ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అది చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్ దారమే. మెత్తగా ఉంటుంది నిజమే, అయితే నూలుకంటే ఎక్కువ తేమ పీలుస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవడానికి బాగుంటుంది, పరుగుకు కాదు.

పొందూరు వాసి సమాధానం:

మీ పెదనాన్నగారి మాటను నేను తీసివేయలేను, అలాగని పూర్తిగా ఒప్పుకోలేను కూడా. మా ఇంటి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రంచేసి, ఏకి, సన్నని నూలు వడకడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ నేతలో గాలి ఆడినట్లు మరే బట్టలోనూ ఆడదని నా నమ్మకం. కానీ అది మగ్గం మీద నేసిన బట్ట, టీషర్టులా సాగదు. చేతులు గట్టిగా ఊపితే చంక దగ్గర కుట్టు చిరుగుతుంది, తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది. అంత కష్టంతో నేసిన బట్టను పరుగులో పాడుచేయడం నాకు మనస్కరించదు. మీ పెదనాన్నగారిలా ఉదయం నడకకు వెళ్లేవారికి వదులైన ఖద్దరు లాల్చీ చక్కగా సరిపోతుంది. మీరు పరుగు ముగించి, స్నానం చేసిన తరువాత తొడుక్కోండి, ఒళ్లు చల్లబడుతుంది.

నాగావళి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన రెండు పరీక్షలూ చేశాను. కొట్టువారు మొదట వింతగా చూసినా తరువాత వారే నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చారు. నాలుగు టీషర్టుల మీద చుక్క అలాగే నిలబడింది, అయిదోదాని మీద వెంటనే మచ్చలా విస్తరించింది. అది 450 రూపాయలు. అలాంటివి రెండు, లోనిక్కర్లు రెండు తీసుకున్నాను. పది రోజులుగా తొడల మంట లేదు. పాత టీషర్టుల వాసన రెండుసార్లు నానబెట్టాక పోయింది గానీ వాటిలో ఉడుకు తగ్గలేదు, పక్కన పెట్టేశాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఏడు దాటాక స్టేడియంలో ఎండ వస్తుంది, అప్పుడు ఏ రంగు మేలు? నడుము పట్టీ కింద గుండ్రంగా ఎర్రటి దురద మచ్చ ఒకటి ఉంది, అది కూడా ఒరిపిడేనా?

డ్రిల్లు మాస్టారు:

ఎండలో లేత రంగులే మేలు, నలుపు, ముదురు నీలం ఎండను ఎక్కువగా పీలుస్తాయి. తెలుపు పల్చగా ఉంటే తడిసినప్పుడు ఒళ్లు కనిపిస్తుంది కాబట్టి లేత బూడిద, లేత పసుపు చూడండి.

ఆ మచ్చ గుండ్రంగా ఉండి అంచులు విస్తరిస్తుంటే అది తామర కావచ్చు. తడి లోదుస్తులతో ఎక్కువసేపు ఉండే ఆటగాళ్లలో ఇది తరచుగా వస్తుంది. అడిగిన వెంటనే షాపులో ఇచ్చే మిశ్రమ ఆయింట్‌మెంట్లు రాయకండి, వాటిలో స్టెరాయిడ్ ఉంటే దురద తగ్గినట్లు కనిపించి తామర లోలోపల పాకుతుంది. ఈ వారమే చర్మవైద్యుడికి చూపించండి. అప్పటివరకు లోనిక్కర్లు ప్రతిరోజూ ఉతికినవే వేసుకోండి, మీ తువ్వాలు ఇంట్లో మరొకరు వాడకుండా చూడండి, పరుగు ముగిసిన పావుగంటలోపే తడి బట్టలు విప్పేయండి.